ఖాళీగా ఉన్న ఇంధనం గడి

(ఖరగ్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శి గారు ఒక షరతు పెట్టారు. "పనికొచ్చే విషయం చెప్పండి, బ్యాంకు విషయం మాత్రం వద్దు. ఇంట్లో వాళ్లు రోజూ అదే వింటున్నారు" అన్నారు. అందుకని పొయ్యి గురించి చెబుతాను. మధ్యలో అప్పు ఒకటి వస్తుంది, ఓర్చుకోవాలి.

రెండేళ్ల క్రితం వేసవిలో ఒక పిన్నిగారు మా శాఖకు వచ్చారు. ఆవిడ అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడికి వచ్చారు. ఈ హాల్లో సగం మంది ఇంటి కథ అదే కాబట్టి వివరించనక్కర్లేదు. భర్త వర్క్‌షాపులో పనిచేసి, రిటైరయ్యాక పోయారు. మలంచా వైపు చిన్న సొంతిల్లు, వెనక పెరడు. చిన్నప్పుడు పక్క క్వార్టర్‌లో ఉన్న ఆంగ్లో ఇండియన్ ఆంటీ దగ్గర కేకు, బన్ను, నాన్‌ఖటాయి నేర్చుకున్నారట. డిసెంబరు వచ్చిందంటే ఆర్డర్లు బాగా ఉంటాయి. కానీ కాల్చుకోవడానికి ఇంట్లో సాధనం లేదు. పిండి కలిపి, ట్రేలు రిక్షాలో పెట్టుకుని ఒక బేకరీకి తీసుకెళ్లేవారు. వాళ్లు ట్రేకింత అని తీసుకునేవారు. క్రిస్మస్ వారంలో వాళ్ల పనే వాళ్లకు తెమలదు, ఈవిడ ట్రేలు సాయంత్రం దాకా బల్ల మీదే ఉండిపోయేవి. పొంగిన పిండి ఎవరి కోసమూ ఆగదు కదా.

అందుకని ఇంట్లోనే ఓవెన్ పెట్టుకుందామని 40,000 అప్పు అడిగారు. ముద్ర పథకంలో శిశు వర్గం 50,000 దాకా ఉంది, అందులో వస్తుంది. నేను దరఖాస్తు చూశాను. మైదా, పంచదార, వెన్న, గుడ్లు అన్నింటికీ లెక్క ఉంది. ఇంధనం దగ్గర గడి ఖాళీ.

"పిన్నిగారూ, ఇక్కడ ఏం రాయాలి?" అన్నాను.

"కర్రపుల్లలకి లెక్కేటి బాబూ, ఏరుకొస్తాను" అన్నారు.

నేను కాగితం తిరిగి ఇచ్చేశాను. ఖర్చు తెలియకుండా లాభం ఎలా వేస్తామని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎంబీఏలో మాకు బ్రేక్ ఈవెన్ నేర్పారు, ఎదుటి మనిషి ముఖం చూడటం నేర్పలేదు. ఆవిడ ఏమీ అనలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మెట్ల దగ్గర చాలాసేపు దగ్గి, వెళ్లిపోయారు.

ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గే. మా అమ్మకు కూడా ఉండేది. ఈ ఊళ్లో పెద్దవాళ్లందరికీ బొగ్గు పొయ్యి గుర్తుండే ఉంటుంది. పాత ఇనప బకెట్టుకు మధ్యలో కడ్డీలు బిగించి, లోపల మట్టి మెత్తి, కింద పిడకలు, పైన బొగ్గు. పొద్దున్నే వెలిగించి వీధిలో పెడితే కాలనీ అంతా తెల్లటి పొగ. పొగ తగ్గాక వంటింట్లోకి తెచ్చుకునేవారు. కంటికి కనిపించే పొగ పోయింది కాబట్టి ఇక ఫరవాలేదనుకునేవాళ్లం. కనిపించని కార్బన్ మోనాక్సైడ్ అప్పుడే ఎక్కువని ఎవరికి తెలుసు? ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా అమ్మ ఆ లెక్కలో లేదు, అంతకు ముందే పోయింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇంధనం ఎంత పడుతుందో ఆవిడకు తెలియదు, నిజమే. నాకు మాత్రం తెలుసా?

గ్యాసు పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వ్యాపారానికి 14.2 కేజీల ఇంటి సిలిండరు వాడకూడదు, 19 కేజీల కమర్షియల్ సిలిండరు కొనాలి. సబ్సిడీ సిలిండరు చూపించి నేను వ్యాపార రుణం రాయలేను. కరెంటు ఓవెన్ అంటే ఆ పాత ఇంటి వైరింగు తట్టుకోదని ఎలక్ట్రీషియన్ ముందే చెప్పేశాడు. మిగిలింది కట్టెలు. కట్టెలైతే పొగ. ఈ ముడి ఎక్కడ విప్పాలా అని చదువుతుంటే రాకెట్ పొయ్యి కనిపించింది.

పేరు చూసి భయపడకండి. సరిగ్గా మండితే గుర్రుమని ఒక చప్పుడు వస్తుంది, అంతకు మించి అందులో రాకెట్ ఏమీ లేదు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని అప్రొవెచో పరిశోధన కేంద్రంలో లారీ వినియార్‌స్కీ అనే ఇంజనీరు 1980ల్లో దీనికి రూపం ఇచ్చారు. సూత్రం చిన్నది. మామూలు పొయ్యిలో కట్టె మొత్తం ఒకేసారి వేడెక్కి వాయువులు వదులుతుంది. ఆ వాయువులు మండే లోపే చల్లటి గిన్నె అడుగుకు తగులుతాయి. మండకుండా తప్పించుకున్న ఆ ఇంధనమే పొగ. అంటే పొగ రూపంలో మనం డబ్బే బయటికి పంపుతున్నాం. రాకెట్ పొయ్యిలో అడ్డంగా ఒక నోరు, దాని చివర నిలువుగా ఒక గొంతు. కట్టె కొస ఒక్కటే మండుతుంది. వాయువులు ఆ వేడి గొంతులో పైకి పోతూ అక్కడే పూర్తిగా కాలిపోతాయి. మిగిలేది వేడి గాలి.

కాగితం మీద బొమ్మ గీసుకుని ఒక ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్లాను. అప్పు సంగతి ఎత్తలేదు. బొమ్మ చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది రంపప్పొట్టు పొయ్యే కదా బాబూ" అన్నారు.

నాకు తట్టనే లేదు! డబ్బాలో నిలువుగా ఒక సీసా, పక్కనుంచి అడ్డంగా ఇంకో సీసా పెట్టి, చుట్టూ రంపప్పొట్టు దట్టించి, సీసాలు మెల్లిగా లాగేస్తే మిగిలే దారి అచ్చం ఇదే. మన ఇళ్లలో ఎన్ని వంటలు దాని మీద ఉడికాయో. తేడా ఒక్కటే, అక్కడ గోడే ఇంధనం. ఇక్కడ గోడ వేడిని బయటికి పోనివ్వని పదార్థం కావాలి.

మంచి పొయ్యి కోసం వెతుకులాట మన దగ్గర కొత్తదేమీ కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగ గొట్టం ఉన్న పొగలేని పొయ్యి తయారుచేసి 1953లో దాని మీద పుస్తకమే వేశారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టి, రెండు దశాబ్దాల్లో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. చాలా ఇళ్లలో అవి కొంతకాలానికే మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవాళ్లు లేరు, పగిలితే మెత్తేవాళ్లు లేరు. లెక్కలో మాత్రం కట్టిన పొయ్యి కట్టినట్టే ఉంది. జన్‌ధన్ క్యాంపుల్లో కూర్చున్న మనకు ఇది అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టదు. ఖాతా తెరవడం వేరు, నడవడం వేరు.

సరే, మా పొయ్యికి వస్తాను. మొదటిది దారుణంగా విఫలమైంది. ఆ కథే కొంచెం వివరంగా చెబుతాను, మీలో ఎవరైనా కట్టుకుంటే నా తప్పులు మళ్లీ చేయనక్కర్లేదు.

సామాను అంతా పాత ఇనుము దుకాణంలో కొన్నాం. రసీదులు ఉన్నాయి. రైల్వే ఊళ్లో ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. 200 లీటర్ల పెద్ద డ్రమ్ము ఒకటి, అది 23 అంగుళాల వ్యాసం. దాని లోపల పడుకోబెట్టడానికి 14 అంగుళాల వ్యాసం, 20 అంగుళాల పొడవున్న చిన్న డ్రమ్ము. చిన్న డ్రమ్ములో ట్రేలు. రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలో వేడి గాలి చుట్టూ తిరిగి, పైన గొట్టంలోంచి పోతుంది. పొగకూ బన్నుకూ సంబంధం ఉండదు. కింద ఇటుకలతో 5 అంగుళాల చదరపు నోరు, 15 అంగుళాల ఎత్తు గొంతు.

వెలిగించాం. మంట భగభగా మండింది. గంట గడిచినా థర్మామీటరు 110 దాటలేదు. పొగ గొట్టంలోంచి కాక నోట్లోంచి, పిన్నిగారి ముఖం మీదికి వచ్చింది. చివరికి ట్రే తీస్తే బన్నుల అడుగు బొగ్గు, పైన పచ్చి పిండి. 9 కేజీల కట్టెలు తగలేశాం. వీధి పిల్లలు గోడెక్కి చూస్తున్నారు. నా పరువు సంగతి ఇక చెప్పను.

"ఏటి బాబూ, ఇది పొయ్యా, ఇంజినా?" అన్నారు ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. అప్పటిదాకా లెక్కే వేయలేదన్నమాట, గడి ఖాళీగా ఉందని ఇంకొకరికి పాఠం చెప్పినవాణ్ణి! గొంతు విస్తీర్ణం 5 ఇంటూ 5, అంటే 25 చదరపు అంగుళాలు. గాలి వెళ్లే దారి చివరిదాకా దాదాపు అంతే ఉండాలి. చిన్న డ్రమ్ము పొడవు 20, గాలి రెండు పక్కలా పోతుంది కాబట్టి 40. 25ని 40తో భాగిస్తే అర అంగుళం కన్నా కొంచెం ఎక్కువ. ఉండాల్సిన సందు అంత. మేం వదిలింది నాలుగున్నర అంగుళాలు. అంత విశాలమైన దారి దొరికితే వేడి గాలి డ్రమ్మును తాకాల్సిన అవసరమేముంది, మధ్యలోంచి హాయిగా వెళ్లిపోయింది. ఇక పొగ గొట్టం 3 అంగుళాలది, అంటే 7 చదరపు అంగుళాలు. పాతిక వచ్చే చోట ఏడు పోయే దారి పెడితే, మిగిలింది వెనక్కి రాక ఏం చేస్తుంది?

రెండో తప్పు ఇటుకలు. బరువైన ఎర్ర ఇటుక, మందంగా మట్టి అయితే వేడిని నిలబెడతాయని అనుకున్నాను. నిలబెడతాయి, కానీ ముందు తాము తాగేస్తాయి. మంట చుట్టూ బరువు ఉంటే మంట చల్లబడుతుంది. అక్కడ ఉండాల్సింది గాలి నిండిన తేలికైన సరుకు. దానికి మందు పిన్నిగారే చెప్పారు. మేదినీపూర్ ప్రాంతమంటే మరమరాల దేశం కదా. మరమరాలు వేయించే ఇళ్లలో, బియ్యం మిల్లుల్లో ఊక కాలిన బూడిద గుట్టలుగా ఉంటుంది. "గిన్నెలు తోమడానికి తెచ్చుకునేవాళ్లం, పైన చేయి పెడితే చల్లగా ఉండేది, లోపల వేలు పెడితే కాలేది" అన్నారు. ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

రెండోసారి ఇలా కట్టాం. గొంతుకు బట్టీల్లో వాడే తేలికైన ఇటుకలు, వాటి చుట్టూ ఊక బూడిద. పెద్ద డ్రమ్ము లోపల 16 అంగుళాల వ్యాసంతో ఒక రేకు చుట్ట పెట్టించాం. రేకుకూ పెద్ద డ్రమ్ముకూ మధ్య మూడున్నర అంగుళాల ఖాళీలో బూడిద దట్టించాం. రేకుకూ చిన్న డ్రమ్ముకూ మధ్య సందు ఒక అంగుళం. లెక్క ప్రకారం ఇంకా తక్కువ చాలు, కానీ మసి పేరుకుంటుంది, మన వెల్డరు చుట్టిన రేకు గుండ్రంగానూ ఉండదు. గొట్టం 6 అంగుళాలది వేశాం. మంట నేరుగా అడుగుకు తగలకుండా గొంతు పైన ఒక ఇనప పలక అడ్డం పెట్టాం, ట్రే కింద ఇటుక ముక్కలు పరిచాం. తలుపు సందులు మూయడానికి ఆవిడ బిర్యానీ దమ్ముకు పెట్టినట్టు పిండి ముద్ద పెట్టారు. అది ఎండి రాలిపోతే మళ్లీ పెడతారు, ఇప్పటికీ అంతే.

ప్రమాదాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రసాయనాలు, పెట్రోలు నింపిన డ్రమ్ము వద్దే వద్దు. మూత బిగించి ఉన్న పాత డ్రమ్మును కట్టర్‌తో కోస్తే లోపలి ఆవిరి పేలుతుంది. రంగు ఉంటే ముందు బయట ఖాళీగా కాల్చి వదిలించండి. జింకు పూత ఉన్న రేకు మంట దగ్గర వాడకండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పొగ తక్కువ అన్నాను గానీ లేదు అనలేదు. ఇది పెరటి పొయ్యే. వానొచ్చిందని వసారా మూసేసి, వంటింట్లో పెట్టి వెలిగించకూడదు.

రెండోసారి వెలిగించినప్పుడు 35 నిమిషాల్లో 180 డిగ్రీలు వచ్చింది. గొట్టం పైన పొగ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు వాయిల బన్నులకు 5 కేజీల కట్టెలు. కట్టెలంటే దుంగలు కావు, బొటనవేలు లావు సోనాఝురీ పుల్లలు.

అంత బాగా వచ్చినా వారం తర్వాత వెళ్తే మళ్లీ పొగ! చూస్తే నోటి నిండా పుల్లలు. ఆర్డరు తొందరలో వాళ్లబ్బాయి కుక్కేశాడు. నేను నోట్లో అడ్డంగా రేకు పలక పెట్టించాను, పుల్లలు దాని మీద, గాలి దాని కింద. వివరించబోతుంటే పిన్నిగారు కొడుకును కోప్పడ్డారు: "నోటి నిండా అన్నం కుక్కితే నీకు ఊపిరాడుతుందేట్రా? దానికీ అంతే." మూడు పుల్లలు, కొస కాలేకొద్దీ లోపలికి జరపడం, అంతే. పొయ్యి పక్కన ఒక మనిషి ఉండాలి. ఈ ఓవెన్‌లో ఇది పెద్ద లోటే, దాచను. గ్యాసులా మీట తిప్పి టీవీ ముందుకు పోవడం కుదరదు.

"ఏరుకొస్తాను" అన్న మాట గురించి కూడా ఒక మాట. మన జిల్లాలోనే, సాల్బనీకి అవతల ఆరాబాడీ అడవి ఉంది. 1970ల మొదట్లో అది దాదాపు మోడులు మిగిలిన నేల. అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి చుట్టూ ఉన్న 11 గ్రామాల వాళ్లతో మాట్లాడి, అడవిని కాపాడితే పనులూ, కలప నికర ఆదాయంలో 25 శాతమూ మీవే అన్నారు. సాలవృక్షాలు మొదళ్ల నుంచి మళ్లీ లేచాయి. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి అదే దారి చూపింది. పుల్ల ఊరికే వస్తుందనుకున్నన్నాళ్లూ అక్కడ అడవి నిలవలేదు. అందుకే పిన్నిగారిని ఏరుకోవద్దని, కొనమని అడిగాను. కట్టెల డిపోలో కొమ్మల కట్టలు అప్పట్లో కిలో 8 రూపాయలు పడ్డాయి. రోజుకు 40 రూపాయలు. బేకరీకి కట్టే ట్రే రుసుముతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

అప్పు అక్టోబరులో మంజూరు చేశాం. ఓవెన్‌కు అయింది 6,500, మిగతాది ట్రేలకూ సరుకుకూ. రెండు డిసెంబర్లు గడిచాయి. కిందటేడు వానాకాలంలో ఒక వాయిదా 9 రోజులు ఆలస్యమైంది. ఫోన్ చేస్తే, కట్టెలు తడిశాయి, ఓవెన్ వేడెక్కక రెండు ఆర్డర్లు పోయాయన్నారు. తడి కట్టె ముందు తనలోని నీళ్లను మరిగించుకోవాలి, ఆ తర్వాతే మనకు వేడి ఇస్తుంది. ఇప్పుడు పని అయిపోయి నిప్పు పూర్తిగా ఆరాక, మరుసటి రోజు పుల్లలను వెచ్చగా ఉన్న ఓవెన్ మీది అటకలో ఆరబెడుతున్నారు. నెలకోసారి గొట్టం విప్పి మసి దులిపేది వాళ్లబ్బాయి. ఆ తేదీ గోడ మీద బొగ్గుతో రాసి ఉంటుంది. మా తనిఖీ రిజిస్టరు కన్నా అది నమ్మకంగా ఉంది.

ఆవిడ దగ్గు తగ్గిందా అని అడుగుతారు. పూర్తిగా తగ్గలేదు. నలభై ఏళ్ల బొగ్గు పొగ రెండేళ్లలో పోదని డాక్టరు అన్నారట. కాకపోతే ఓవెన్ దగ్గర కూర్చున్నప్పుడు దగ్గడం లేదు. అది నేను గమనించాను, ఆవిడ గమనించారో లేదో అడగలేదు.

మొన్న నవంబరులో రెండో అప్పుకు దరఖాస్తు పెట్టారు, ఈసారి పెద్ద ఓవెన్ కోసం. కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. ఇంధనం గడిలో ఆవిడే తెలుగులో రాశారు: "రోజుకు 5 కేజీలు. వానలో 6."